కాలేయంలో మకాం పెట్టిన వైరస్ నోరు మూయించగలమా?

మీ ఊళ్ళో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే పెద్దవాళ్ళు ఏమంటారు? "కామెర్లు వచ్చాయి, పసరు పోయించండి" అంటారు. చింతూరు చుట్టుపక్కల కోయ గూడేల్లోనూ, కొండరెడ్ల గూడేల్లోనూ పెరిగే పిల్లలకు ఈ మాట కొత్త కాదు. పసరు తాగిన మనిషి మూడు నాలుగు వారాల్లో లేచి తిరుగుతాడు కూడా. "చూశారా, మందు పనిచేసింది!" అంటారు. నిజంగా పసరే పనిచేసిందా? తొందరపడి అవుననీ, కాదనీ అనకుండా కొంచెం ఆలోచిద్దాం.

కామెర్లు ఒక జబ్బు కాదు, ఒక గుర్తు. మన నెత్తురులోని ఎర్రకణాలు సుమారు 120 రోజులు బతికి చచ్చిపోతాయి. అవి విరిగిపోయినప్పుడు బిలిరూబిన్ అనే పసుపుపచ్చ పదార్థం తయారవుతుంది. దాన్ని ఏరి, పైత్యరసంలో కలిపి బయటికి పంపడం కాలేయం పని. కాలేయం నీరసించిందంటే ఆ పసుపు ఒంట్లోనే నిలిచి కళ్ళలో కనబడుతుంది. కాలేయాన్ని నీరసింపజేసేవి చాలా ఉన్నాయి. వానాకాలంలో కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చేవి హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ అనే వైరస్‌లు. ఇవి చాలామందిలో కొన్ని వారాలుండి వాటంతటవే పోతాయి. అంటే పసరు తాగినా తాగకపోయినా ఆ మనిషి లేచి తిరిగేవాడే అన్నమాట!

అలాగని చెట్లమందులను చూసి నవ్వకండి. మన పొలం గట్లమీద మొలిచే నేల ఉసిరిని శాస్త్రజ్ఞులు నిజంగానే పరీక్షించారు. 1988లో మద్రాసులో ఆ పొడి వాడిన 37 మందిలో 22 మంది నెత్తురులో హెపటైటిస్-బి వైరస్ గుర్తు మాయమైందని ప్రకటించారు. ప్రపంచమంతా ఆశగా చూసింది. కాని తర్వాత ఇతర చోట్ల జరిపిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ కనబడలేదు. ఒకచోట తేలింది మరోచోట కూడా తేలాలి; సైన్సులో రూలు అదే. నేల ఉసిరికైనా, ఈ వ్యాసంలో ముందు ముందు రాబోయే ఖరీదైన మందుకైనా ఒకే రూలు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. హెపటైటిస్-బి వైరస్ నీళ్ళ ద్వారా రాదు. నెత్తురు ద్వారా, శుభ్రం చేయని సూదుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. ఒకే సూదితో పదిమందికి పచ్చబొట్లు పొడిచినా రావచ్చు. పెద్దవాళ్ళకు సోకితే నూటికి 95 మందికి పైగా దాన్ని తరిమేయగలరు. పుట్టినప్పుడే సోకిన పసిబిడ్డల్లో మాత్రం లెక్క తలకిందులవుతుంది. వాళ్ళలో నూటికి 90 మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. కళ్ళు పచ్చబడవు, జ్వరం రాదు, ఎవరికీ అనుమానం రాదు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళ తర్వాత కొందరిలో కాలేయం గట్టిపడిపోతుంది, మరికొందరిలో కాలేయ కాన్సరు వస్తుంది. కళ్ళు పచ్చబడిన జబ్బుకంటే కళ్ళు పచ్చబడని జబ్బే ఇక్కడ ప్రమాదకరం! 2022లో ప్రపంచంలో 25 కోట్ల 40 లక్షల మంది ఈ వైరస్‌ను మోస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ఒక్క ఏడాదే దీనివల్ల 11 లక్షల మంది చనిపోయారు.

దీనికి టీకా ఉంది గదా అంటారేమో. ఉంది. మన హైదరాబాదుకు అందులో ఘనమైన పాత్ర కూడా ఉంది. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరైన కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థ పెట్టారు. అప్పట్లో ఈ టీకా విదేశాల నుంచే రావాలి, సామాన్యుడు కొనలేని ధర. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత సి.సి.ఎం.బి.లోనూ చోటు సంపాదించుకుని పరిశోధకులు పనిచేశారు. వైరస్ పైతొడుగులో ఉండే మాంసకృత్తి తాలూకు జన్యువును ఒకరకం ఈస్టు కణాల్లో పెట్టి, ఆ ఈస్టు చేతే మాంసకృత్తిని తయారు చేయించారు. 1997లో 'షాన్‌వాక్-బి' అంగట్లోకి వచ్చింది. జన్యు ఇంజినీరింగు పద్ధతిలో మనదేశంలో తయారైన మొట్టమొదటి హెపటైటిస్-బి టీకా అదే. ధరలు ఒక్కసారిగా దిగివచ్చాయి. 2011 నాటికి ఈ టీకా దేశమంతటా పిల్లల టీకాల జాబితాలో చేరింది.

కాని టీకా కావలివాడి వంటిది. దొంగ రాకముందు కావలి పెట్టుకుంటే మేలు. దొంగ ఇప్పటికే ఇంట్లో దూరి తలుపు గడియ పెట్టుకుంటే? వైరస్‌ను ఇప్పటికే మోస్తున్న వాళ్ళకు టీకా ఏమీ చేయలేదు. వాళ్ళకోసమే ఇప్పుడు మనం చెప్పుకోబోయే ఉపాయం.

రికార్డు గదిలో దొంగ కాగితం

ఈ వైరస్ ఎంత చిన్నదో తెలుసా? దీని అడ్డుకొలత సుమారు 42 నానోమీటర్లు. మిల్లీమీటరులో పది లక్షలవ వంతు ఒక నానోమీటరు. దీని జన్యుగ్రంథమంతా కలిపి సుమారు 3200 అక్షరాలే; మీరు చదువుతున్న ఈ వ్యాసంలో అంతకంటే ఎక్కువ అక్షరాలున్నాయి! మనిషి జన్యుగ్రంథంలో ఉన్నవి 300 కోట్లు. ఈ వైరస్‌ను కనిపెట్టినవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు బరూచ్ బ్లంబర్గ్. 1960ల్లో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి నెత్తురులో ఆయనకొక వింత మాంసకృత్తి కనిపించింది. దానికి 'ఆస్ట్రేలియా ఆంటిజెన్' అని పేరు పెట్టారు. అది హెపటైటిస్-బి వైరస్ పైతొడుగే అని తర్వాత తేలింది. ఆయనకు 1976లో నోబెల్ బహుమానం వచ్చింది. మద్రాసు నేల ఉసిరి పరిశోధనలో కూడా ఆయన భాగస్వామే.

వైరస్ కణంలో ఏం చేస్తుందో తెలియాలంటే ముందు కణం ఎలా పనిచేస్తుందో తెలియాలి. మీ ఇంట్లో భూమి పట్టా నకలు కావలసివస్తే మండల కార్యాలయానికి వెళ్తారు గదా. అసలు దస్త్రాన్ని ఎవరూ బయటికి ఇవ్వరు. అది రికార్డు గదిలోనే ఉంటుంది. గుమాస్తా నకలు రాసి ఇస్తాడు, ఆ నకలుతోనే పని నడుస్తుంది. జీవకణంలో రికార్డు గది కేంద్రకం. దస్త్రం డి.ఎన్.ఏ. నకలు పేరు సమాచార ఆర్.ఎన్.ఏ. కేంద్రకం బయట రైబోజోములనే పనివాళ్ళు ఆ నకలును చదివి, అందులో ఉన్న ప్రకారం మాంసకృత్తులను తయారుచేస్తారు.

హెపటైటిస్-బి వైరస్ కాలేయకణంలో దూరి, తన డి.ఎన్.ఏ.ను కేంద్రకంలోకి చేరుస్తుంది. అక్కడ అది ఉంగరంలా చుట్టుకుని కూర్చుంటుంది. రికార్డు గదిలో ఎవరో దొంగ దస్త్రం పెట్టినట్లు! గుమాస్తాకు తేడా తెలియదు. దానికీ నకళ్ళు రాసి బయటికి పంపుతాడు. పనివాళ్ళు ఆ నకళ్ళను చదివి వైరస్ భాగాలను తయారుచేస్తారు. పైతొడుగు మాంసకృత్తినైతే అవసరానికి ఎన్నో వేల రెట్లు ఎక్కువగా తయారుచేయిస్తుంది ఈ వైరస్. లోపల ఏమీ లేని ఖాళీ తొడుగులు గుంపులు గుంపులుగా నెత్తురులోకి పోతాయి. మన ఒంటి రక్షకకణాలు ఈ ఖాళీ తొడుగుల వెంటపడి అలసిపోతాయి, చివరికి పట్టించుకోవడం మానేస్తాయి. రోజూ దొంగ గంట మోగుతుంటే కాపలావాడు ఇక లేవడు, అలాగే.

ఇప్పుడు వాడుకలో ఉన్న టెనోఫోవిర్, ఎంటెకావిర్ అనే మాత్రలు మంచి మందులే. నకలు నుంచి వైరస్ తిరిగి తన డి.ఎన్.ఏ.ను రాసుకోనివ్వకుండా అవి అడ్డుపడతాయి. కొత్త వైరస్‌లు పుట్టవు, కాలేయం కోలుకుంటుంది. కాని దొంగ దస్త్రం అలాగే ఉంటుంది, నకళ్ళూ వస్తూనే ఉంటాయి, ఖాళీ తొడుగులూ తయారవుతూనే ఉంటాయి. అందుకే చాలామంది ఈ మాత్రను ఏళ్ళ తరబడి రోజూ మింగాలి. డాక్టరు చెప్పకుండా చటుక్కున మానేస్తే జబ్బు విజృంభించవచ్చు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఈ మాత్రలను ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ధర సమస్య అలా తీరింది. రోజూ అందడం మాత్రం వేరే సమస్య. 2022 జూలైలో గోదావరి వరద వెనక్కి తన్ని శబరి పొంగినప్పుడు చింతూరు ప్రాంతంలో రోడ్లు మునిగిపోయాయి. అలాంటి రోజుల్లో కొండమీది గూడెంలో ఒకరి మాత్రలు అయిపోయాయనుకోండి. 'రోజూ ఒకటి' అన్న చిన్న మాట అక్కడ ఎంత పెద్దదో మీకే తెలుస్తుంది.

నకళ్ళను చించేద్దామా?

దొంగ దస్త్రాన్ని పీకివేయడం కష్టం. పోనీ, వచ్చిన నకలును వచ్చినట్లే చించేస్తే? పనివాళ్ళకు చదవడానికి ఏమీ ఉండదు. జన్యువు ఉంటుంది గాని దాని మాట బయటికి రాదు. దీన్నే జన్యువు నోరు మూయించడం అంటారు.

ఈ ఉపాయం ఏ డాక్టరుకో తోచింది కాదు, ఒక పూలమొక్క నేర్పింది. 1990లో అమెరికాలో రిచర్డ్ జోర్గెన్‌సన్, ఆయన సహచరులు పెటూనియా పూలకు ముదురు ఊదారంగు తెప్పించాలని, రంగు జన్యువును మరొకటి అదనంగా ఎక్కించారు. పూలు ముదురుగా పూయలేదు సరికదా, కొన్ని తెల్లగా పూశాయి! కొత్త జన్యువుతో పాటు పాతదాని నోరు కూడా మూతపడిందన్నమాట. ఎందుకో ఎవరికీ అంతుబట్టలేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అనే శాస్త్రజ్ఞులు మిల్లీమీటరు పొడవున్న ఒక నులిపురుగులో ఈ చిక్కు విప్పారు. మామూలుగా ఆర్.ఎన్.ఏ. ఒంటిపోగు. రెండుపోగుల ఆర్.ఎన్.ఏ.ను ఎక్కిస్తే, దానికి సరిపోలే నకళ్ళను కణమే వెతికి నాశనం చేస్తుందని వారు చూపించారు. ఎనిమిదేళ్ళకే, 2006లో, వారికి నోబెల్ బహుమానం వచ్చింది.

కణం ఇలా ఎందుకు చేస్తుంది? చాలా వైరస్‌లు పెరిగేటప్పుడు రెండుపోగుల ఆర్.ఎన్.ఏ. పుడుతుంది. కనుక అది కనబడితే శత్రువు వచ్చినట్లే లెక్క. డైసర్ అనే ఎంజైము దాన్ని సుమారు 21 అక్షరాల ముక్కలుగా తరుగుతుంది. రిస్క్ అనే మాంసకృత్తుల బృందం ఒక్కొక్క ముక్కను తీసుకుని, రెండు పోగుల్లో ఒకదాన్ని పారేసి, రెండోదాన్ని నమూనాగా పట్టుకుంటుంది. ఆ నమూనాకు జతకుదిరే నకలు ఎదురైతే చాలు, బృందంలోని ఆర్గొనాట్ అనే కత్తెర దాన్ని కత్తిరించేస్తుంది. కత్తిరించి ఊరుకోదు, అదే నమూనాతో మరో నకలును వెతుక్కుంటూ పోతుంది. ఒక్క నమూనా ఎన్నో నకళ్ళను తెంచగలదు.

ఇరవైఒక్క అక్షరాలు చాలా అని మీకు సందేహం రావచ్చు. లెక్క వేసి చూడండి. ఆర్.ఎన్.ఏ.లో నాలుగే అక్షరాలు. నాలుగును ఇరవైఒక్కసార్లు గుణిస్తే సుమారు 4 లక్షల 40 వేల కోట్లు వస్తుంది. అన్ని రకాల ముక్కలు రాయవచ్చు. మన గ్రంథమంతా కలిపితే 300 కోట్ల అక్షరాలే గదా. కనుక వైరస్‌లో ఉండి మనలో లేని ముక్కను ఎంచుకోవడం సాధ్యమే. కాగితం మీద ఇది తేలిక. పూర్తిగా కాకపోయినా సగం సగం పోలికున్న మన నకళ్ళకు కూడా దెబ్బ తగలవచ్చు. అందుకే ప్రతి ముక్కనూ పరీక్షించి చూడక తప్పదు.

ఈ వైరస్‌లో ఒక బలహీనత ఉంది. గ్రంథం మరీ చిన్నది కావడంతో అది అక్షరాలను పొదుపుగా వాడుకుంటుంది. ఒకే వాక్యాన్ని రెండు మూడు రకాలుగా చదివిస్తుంది. దాని నకళ్ళు పొడవులో రకరకాలు, కాని తోక మాత్రం అన్నింటికీ ఒక్కటే. ఆ తోకమీద గురిపెడితే ఒకే కత్తెరతో అన్ని నకళ్ళనూ తెంచవచ్చు! పిసినారితనమే దాని కొంప ముంచే దారి అయింది.

ఎలుక నుంచి మనిషికి

పొడవాటి రెండుపోగుల ఆర్.ఎన్.ఏ.ను మనిషి కణాల్లో పెడితే అవి బెదిరి, అపాయ సంకేతాలు మోగించి, పనంతా ఆపేస్తాయి. 2001లో జర్మనీలో థామస్ టుష్ల్ బృందం 21 అక్షరాల పొట్టి ముక్కలనైతే కణాలు బెదరకుండా స్వీకరిస్తాయని చూపించింది. ఇక దారి తెరుచుకుంది. 2003లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆంటన్ మెకాఫ్రీ, మార్క్ కే, వారి సహచరులు ఎలుకల కాలేయంలో హెపటైటిస్-బి వైరస్ నోరు మూయించారు.

ఎలా మూయించారో వింటే ఆశ్చర్యపోతారు. ఎలుక బరువులో సుమారు పదోవంతు ద్రవాన్ని కొద్ది సెకన్లలో దాని తోక నరంలోకి ఎక్కించారు. ఆ ఒత్తిడికి మందు కాలేయకణాల్లోకి దూరింది. ఇరవై గ్రాముల ఎలుకకు రెండు మిల్లీలీటర్లు. నలభై కిలోల మీకు అదే లెక్కన నాలుగు లీటర్లు, అదీ కొద్ది సెకన్లలో! ఏ డాక్టరూ చేయలేడు, చేయకూడదు.

ఇంకో హెచ్చరిక కూడా వచ్చింది. 2006లో అదే కే ప్రయోగశాలలో ఇలాంటి ముక్కలను కణంలోనే నిరంతరం తయారుచేసే జన్యువులను ఎలుకల్లో ప్రవేశపెట్టారు. మోతాదు మించినప్పుడు చాలా ఎలుకలు చనిపోయాయి. కారణం ఏమిటి? ఈ కత్తెర యంత్రాంగం మన కణాలకు సొంత పనులకు కూడా కావాలి. దాన్నంతా మన మందే ఆక్రమిస్తే కణం బతకలేదు. మందు పనిచేయడం ఎంత ముఖ్యమో, అతిగా పనిచేయకపోవడమూ అంత ముఖ్యం.

కాబట్టి ఇప్పుడున్న చిక్కల్లా ఒకటే: చిన్న మోతాదు, సూటిగా కాలేయానికి చేరాలి. ఆర్.ఎన్.ఏ.ను నెత్తురులో వదిలితే నిమిషాల్లో ముక్కలైపోతుంది, మూత్రంలో పోతుంది. దీనికి దారి చూపింది ఒక చక్కెర. కాలేయకణాల పైన లక్షల కొద్దీ గ్రాహకాలున్నాయి. నెత్తురులోని పాతబడిన మాంసకృత్తుల చివర ఒకరకం చక్కెర బయటపడితే, ఈ గ్రాహకాలు దాన్ని పట్టుకుని లోపలికి లాక్కుంటాయి. ఎన్-అసిటైల్ గెలాక్టోసమిన్ అనే చక్కెరను మూడేసి చొప్పున మందుముక్కకు కడితే కాలేయకణమే దాన్ని పిలిచి లోపలికి తీసుకుంటుంది. అమెరికాలోని ఆల్నైలాం సంస్థలో ఈ రసాయన విద్యను తీర్చిదిద్దిన వారిలో ముఖ్యుడు ముత్తయ్య మనోహరన్, తమిళనాడులో చదువుకుని వెళ్ళినవాడు. ఈ పద్ధతితో చేసిన మొదటి మందుకు 2019లో అనుమతి వచ్చింది. అది వేరే జబ్బుకు. కొలెస్టరాల్ తగ్గించే మరో మందునైతే, మొదటి రెండు మోతాదులు అయ్యాక ఏడాదికి రెండేసార్లు చర్మం కింద సూదితో ఇస్తే చాలు.

మరి హెపటైటిస్-బి సంగతి? ఇక్కడ వైరస్ ఒక ఎదురుదెబ్బ కొట్టింది. ఎ.ఆర్.సి.-520 అనే మందును రోగులకిచ్చి చూస్తే కొందరిలో పైతొడుగు మాంసకృత్తి బాగా పడిపోయింది, కొందరిలో అంతగా పడలేదు. కారణం చింపాంజీల్లో దొరికింది, 2017లో వెల్లడైంది. వైరస్ డి.ఎన్.ఏ. ముక్కలు కొన్ని ఏళ్ళు గడిచేకొద్దీ మన సొంత డి.ఎన్.ఏ.లోనే అతుక్కుపోతాయి. దొంగ కాగితం విడిగా ఉండక, మన దస్త్రంలోనే కుట్టేసినట్లు! ఆ ముక్కల నుంచి కూడా తొడుగు నకళ్ళు వస్తున్నాయి. కాని అతుక్కునేటప్పుడు తెగిపోవడం వల్ల వాటికి ఆ తోక లేదు. తోకమీద గురిపెట్టిన కత్తెరకు పట్టుకోవడానికేమీ దొరకలేదు. ఆ మందును అంతకుముందే, 2016లో, ఆపివేశారు. దాన్ని కాలేయానికి మోసుకుపోయే పదార్థం పెద్ద మోతాదులో కోతుల ప్రాణం తీసింది. ఆ తర్వాత వచ్చిన మందుల్లో మోసే వాహనం మారింది, కొన్నింటిలో గురి కూడా మారింది. వాటిలో, అతుక్కున్న ముక్కల్లోనూ మిగిలి ఉండే తొడుగు జన్యువు భాగాన్ని ఎంచుకున్నారు.

ఇదే దారిలో మరో రకం మందు బెపిరోవిర్సెన్. ఇది రెండుపోగులది కాదు, ఒంటిపోగు. నకలుకు అతుక్కుని, కణంలోని మరో ఎంజైము చేత దాన్ని తెంపిస్తుంది. 2022లో ప్రకటించిన పరీక్షలో వారానికొక మోతాదు చొప్పున 24 వారాలు ఇచ్చి ఆపేశారు. ఆపిన తర్వాత మరో 24 వారాలు గడిచినా నూటికి తొమ్మిది పది మందిలో పైతొడుగు మాంసకృత్తి గానీ, వైరస్ డి.ఎన్.ఏ. గానీ నెత్తురులో కనబడలేదు. నూటికి పదా, ఇంతేనా అనిపిస్తుంది. పాత మాత్రలతో ఏళ్ళ తరబడి మింగినా ఈ మాత్రం ఫలితం చాలా అరుదు అని గుర్తుంచుకుంటే దాని విలువ తెలుస్తుంది. ఆ తర్వాత ఆ మందు మరింత పెద్ద పరీక్షలకు వెళ్ళింది.

మిగిలిన తొంభై మందిలో ఎందుకు కాలేదు? నకళ్ళు చించడం ఆపగానే దొంగ దస్త్రం మళ్ళీ మాట్లాడుతుంది. నోరు మూతపడి ఉన్న ఆ కొద్దికాలంలో, ఖాళీ తొడుగుల రద్దీ తగ్గినప్పుడు, అలసిన రక్షకకణాలు మేలుకుని వైరస్ సోకిన కణాలను పట్టుకోవాలి. కొందరిలో మేలుకుంటున్నాయి, చాలామందిలో మేలుకోవడం లేదు. వాటిని తట్టి లేపడానికి నోరు మూయించే మందుతో పాటు ఇంటర్‌ఫెరాన్‌ను కూడా ఇచ్చి పరీక్షించారు. కొందరిలో ఫలితం మెరుగ్గా వచ్చింది.

ఈ సూదిమందులు చింతూరు దాకా రావాలంటే ధర దిగాలి, పరీక్షలు పూర్తి కావాలి. ఈలోపు అక్కడ అందరికీ అందగలిగినది పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు వేసే టీకా మోతాదే. తల్లి నెత్తురులో వైరస్ ఉన్నా, ఆ మొదటి మోతాదు, తర్వాతి మోతాదులు సకాలంలో పడితే చాలామంది బిడ్డలకు సోకదు. ఆ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే మోసుకుపోవాలి. చల్లగా ఉండాలి గదా అని మంచుముక్కలకు ఆనించి పెట్టి గడ్డకట్టించారో, అది ఇక పనికిరాదు. మీ ఊరి ఆరోగ్య కార్యకర్త భుజాన వేసుకొచ్చే ఆ పెట్టెలో సీసాలకూ మంచు పలకలకూ మధ్య ఎడం ఎలా ఉంచుతారో, ఈసారి వచ్చినప్పుడు అడిగి చూడండి.